భార్యకో భర్తకో క్యాన్సర్ చికిత్స: వికారాబాద్, తాండూరు కుటుంబాలకు ఏ సాయం ఎక్కడ దొరుకుతుంది? ఎప్పుడు అడగాలి?

క్యాన్సర్ అని తేలాక డాక్టర్లు రోగికి చికిత్స మొదలుపెడతారు. ఆ చికిత్స చుట్టూ ఉండే మిగతా పనంతా, ఓపీ చీటీ నుంచి రక్తదాతను వెతకడం దాకా, ఇంట్లో మరొకరి మీద పడుతుంది. చాలా ఇళ్లలో ఆ మరొకరు భార్యో, భర్తో. వికారాబాద్, తాండూరు ప్రాంతాల వారికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. వికారాబాద్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు, తాండూరు నుంచి సుమారు 110 కిలోమీటర్లు వెళ్లాలి. అదీ ఒకసారి కాదు, నెలల తరబడి.

ప్రభుత్వం వైపు నుంచి సాయం లేదని కాదు. ఆరోగ్యశ్రీ ఉంది, రైల్వే రాయితీ ఉంది, ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. కానీ అడగకుండా ఇంటికి వచ్చేది ఒక్కటీ లేదు. ప్రతిదానికీ అడగాల్సిన చోటు, అడగాల్సిన సమయం ఉన్నాయి. ఆ సమయం దాటితే పొలమో, బంగారమో తాకట్టు పెట్టాక గానీ విషయం తెలియదు. అందుకే చికిత్స సాగే వరుసలోనే, ఏ దశలో ఏం చేయాలో చూద్దాం.

హైదరాబాద్ బయల్దేరే ముందు: రేషన్ కార్డు చూసుకోండి

మొదట చూడాల్సింది రేషన్ కార్డు. ఆహార భద్రత కార్డు ఆధారంగానే ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. కార్డులో రోగి పేరు ఉందా? ఆధార్‌లో ఉన్న పేరు, పుట్టిన సంవత్సరం, కార్డులో ఉన్నవి ఒకటేనా? పెళ్లయి పదేళ్లయినా భార్య పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉండటం, లేదా అక్కడ తీసేసి ఇక్కడ ఎక్కించకపోవడం మన దగ్గర మామూలే. బియ్యం తీసుకునేటప్పుడు పెద్దగా పట్టించుకోని ఈ తేడా ఆసుపత్రి కౌంటర్ దగ్గర అడ్డం పడుతుంది. పేరు చేర్చడానికి మీసేవలో దరఖాస్తు చేసి, ఆ రసీదు పట్టుకుని తహసీల్దార్ కార్యాలయంలో పరిస్థితి వివరించండి. బయాప్సీ రిపోర్టు జత చేస్తే ఎందుకు తొందరో వాళ్లకూ అర్థమవుతుంది.

రెండోది బయాప్సీ. పరీక్ష ప్రైవేటు ల్యాబ్‌లో చేయించి ఉంటే రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చుకుని ఊరుకోకండి. గాజు స్లైడ్లు, బ్లాక్ అనే చిన్న మైనపు ముక్క కూడా అడిగి తీసుకోండి. పెద్దాసుపత్రిలో ఆ ముక్కనే మళ్లీ పరీక్షించి ఏ రకం క్యాన్సరో నిర్ధారించుకుంటారు. అది చేతిలో లేకపోతే మళ్లీ తాండూరు వచ్చి తీసుకెళ్లాలి, ఒక్కోసారి బయాప్సీయే మళ్లీ చేయాల్సి రావొచ్చు. స్కానింగ్ సీడీలు, ఫిల్ములు కూడా అంతే.

ఒక ఫైలు పెట్టండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు నాలుగేసి సెట్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, అన్ని రిపోర్టులు తేదీల వారీగా అందులో ఉండాలి. ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఏ ఆసుపత్రికి వెళ్లాలి?

ప్రభుత్వ రంగంలో ప్రధానమైనది రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955లో మొదలైంది. ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం కూడా ఇదే. కీమో, రేడియేషన్, ఆపరేషన్, నొప్పి నివారణ విభాగం అన్నీ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. 2023లో కొత్త బ్లాక్ చేరాక పడకల సంఖ్య 750కి పెరిగింది. పంజాగుట్టలోని నిమ్స్‌లోనూ క్యాన్సర్ విభాగాలున్నాయి. ఆరోగ్యశ్రీ జాబితాలో ఉన్న ప్రైవేటు, ట్రస్టు ఆసుపత్రులకూ వెళ్లవచ్చు. కానీ ఏ విభాగానికి, ఏ చికిత్సకు అక్కడ ఆరోగ్యశ్రీ ఉందో 104కు ఫోన్ చేసి ముందే తెలుసుకోండి. గుండె జబ్బులకు ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రిలో రేడియేషన్‌కు కూడా ఉండాలని లేదు.

ప్రతి కీమోకూ హైదరాబాద్ రావాల్సిందేనా అన్నది మీరు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. దేశంలోని జిల్లా ఆసుపత్రుల్లో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, 2025-26లోనే 200 పెడతామని కేంద్రం బడ్జెట్‌లో ప్రకటించింది. రాష్ట్రంలోనూ ఆ దిశగా పని సాగుతోంది. మొదటి ఒకటి రెండు సైకిళ్లు పెద్దాసుపత్రిలో సవ్యంగా జరిగాక, మిగతావి దగ్గర్లో ఇవ్వడానికి వీలుందా అని మీ డాక్టర్‌ను అడగండి. అన్ని మందులకూ కుదరదు. కుదిరితే మాత్రం ఒక్కో సైకిల్‌కు రెండు రోజుల కూలి, ప్రయాణపు బడలిక తప్పుతాయి.

ఆరోగ్యశ్రీలో ఏం జరుగుతుంది?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి ఏడాదికి కుటుంబానికి రూ.10 లక్షలకు పెంచారు. ఈ మొత్తం ఇంట్లో అందరికీ కలిపి.

ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. ముందుగా అక్కడికే వెళ్లండి. డాక్టర్ రాసిన చికిత్సకు ఆసుపత్రి వాళ్లు ఆరోగ్యశ్రీ ట్రస్టు నుంచి ముందస్తు అనుమతి తీసుకుంటారు. అనుమతి వచ్చాకే నగదు లేకుండా చికిత్స మొదలవుతుంది. కీమో అయితే సైకిల్ సైకిల్‌కూ ఈ పని ఉంటుంది. కాబట్టి రోగిని ఒకచోట కూర్చోబెట్టి, కౌంటర్ తెరిచే వేళకే మీరు అక్కడ ఉంటే మధ్యాహ్నానికి కీమో ఎక్కించే అవకాశం ఉంటుంది.

అనుమతి రాకముందే 'ఇప్పుడు డబ్బు కట్టండి, తర్వాత ఆరోగ్యశ్రీలో తిరిగిస్తాం' అని ఎవరైనా చెబితే, కట్టే ముందు ఆరోగ్యమిత్రను అడగండి. ప్యాకేజీలో ఉన్న మందులు, పరీక్షలకు విడిగా డబ్బు తీసుకోకూడదు. అయినా అడిగితే రసీదు ఇవ్వమనండి. ఆ రసీదు వివరాలతో 104కు ఫిర్యాదు చేయవచ్చు. రసీదు లేకుండా చేతికిచ్చిన డబ్బుకు లెక్క ఉండదు.

ఆరోగ్యశ్రీ వర్తించకపోతే, చాలకపోతే?

ముఖ్యమంత్రి సహాయ నిధి రెండు రకాలుగా ఉపయోగపడుతుంది. చికిత్సకు ముందే అయితే ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనా ఆధారంగా ఎల్‌ఓసీ అడగవచ్చు. నిమ్స్ లాంటి చోట్ల ఇది చెల్లుతుంది. చికిత్స అయిపోయాక అయితే ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలతో ఎమ్మెల్యే లేదా ఎంపీ కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయాలి. 2024 జులై నుంచి ఈ దరఖాస్తులను ఆన్‌లైన్‌లో నమోదు చేస్తున్నారు. రోగి పేరుతో బ్యాంకు ఖాతా లేకపోతే ఇప్పుడే తెరిపించండి. మందుల షాపు బిల్లు మీద రోగి పేరు రాయించుకోవడం మరిచిపోకండి.

ఆరోగ్యశ్రీలో లేని ఖరీదైన మందు రాస్తే, కేంద్ర ఆరోగ్య మంత్రి క్యాన్సర్ రోగుల నిధి గురించి ఎంఎన్‌జేలో అడగండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల్లో చికిత్స పొందేవారి కోసం 2009లో ఇది మొదలైంది.

తాండూరు వైపు నాపరాయి పాలిషింగ్ యూనిట్లలో, సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు జీతంలో ఈఎస్ఐ కోత పడుతోందా చూసుకోండి. కోత ఉంటే కార్మికుడికే కాదు, భార్యకో భర్తకో కూడా వైద్యం అందుతుంది. జబ్బు పడింది కార్మికుడే అయితే, రెండేళ్ల సర్వీసు, తగినన్ని రోజుల చందా ఉన్నప్పుడు దీర్ఘకాలిక అనారోగ్య భత్యం కింద సగటు వేతనంలో 80 శాతం వస్తుంది. ఇది రెండేళ్ల దాకా ఇవ్వవచ్చు. క్యాన్సర్ ఆ జబ్బుల జాబితాలో ఉంది. ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చునే ముందు ఈఎస్ఐ డిస్పెన్సరీలో ఈ మాట అడగండి. పీఎఫ్ ఖాతా ఉంటే మీ చికిత్సకైనా, జీవిత భాగస్వామి చికిత్సకైనా అందులోంచి అడ్వాన్స్ తీసుకోవచ్చు.

ప్రయాణం ఖర్చు తగ్గేదెలా?

తాండూరు, వికారాబాద్ రెండూ వాడి-సికింద్రాబాద్ రైలు మార్గంలో ఉన్నాయి. నాంపల్లి వెళ్లే రైలు దొరికితే ఎంఎన్‌జే అక్కడికి దగ్గరే, ఆటోలో కొద్ది నిమిషాలు. సికింద్రాబాద్ వెళ్లే రైలు అయితే లింగంపల్లిలోనో, బేగంపేటలోనో దిగి నాంపల్లి వైపు ఎంఎంటీఎస్ పట్టుకుని లక్డీకాపూల్‌లో దిగవచ్చు. నిమ్స్‌కైతే పంజాగుట్ట మెట్రో స్టేషన్ దగ్గర.

చికిత్సకు, చెకప్‌కు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్వే రాయితీ ఉంది. సెకండ్ క్లాసు, ఏసీ చైర్‌కార్‌లో 75 శాతం తగ్గిస్తారు. స్లీపర్, థర్డ్ ఏసీలో రోగికి పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలో 50 శాతం. ఇందుకు రైల్వే నమూనాలో ఉన్న ఫారంపై ఆసుపత్రి డాక్టర్ సంతకం, ముద్ర వేయించి టికెట్ కౌంటర్‌లో ఇవ్వాలి. తాండూరు నుంచి హైదరాబాద్‌కు మిగిలేది తక్కువే. ముంబయిలోని టాటా ఆసుపత్రికి వెళ్లేవారికి మాత్రం ఇది పెద్ద ఊరట.

బస్సులో అయితే, మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. రోగి అయినా, తోడు వెళ్లే భార్య అయినా చిరునామా ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపితే జీరో టికెట్ ఇస్తారు. అయితే కీమో ఎక్కించిన రోజు కిక్కిరిసిన బస్సులో నిలబడి రావడం రోగికి మంచిది కాదు. ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. ఆ ఒక్కరోజు తిరుగు ప్రయాణానికి సీటు దొరికే ఏర్పాటు చేసుకోండి.

రేడియేషన్ సంగతి వేరు. వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. ఒక్కో రోజు మెషీన్ మీద ఉండేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల కోసం తాండూరు నుంచి రోజూ రాకపోకలు చేస్తే మూడో వారానికి ఇద్దరూ నీరసపడతారు. మధ్యలో ఆపేస్తే చికిత్స ఫలితమే దెబ్బతింటుంది. కాబట్టి తేదీలు ఇచ్చిన రోజే వసతి గురించి ఆసుపత్రిలోని సోషల్ వర్కర్‌ను అడగండి. జీహెచ్‌ఎంసీ కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర అటెండెంట్ల కోసం నైట్ షెల్టర్లు నడుపుతోంది. ఇద్దరు ముగ్గురు రోగుల కుటుంబాలు కలిసి ఒక గది అద్దెకు తీసుకోవడం కూడా ఒక దారి.

వార్డులో అటెండెంట్‌గా మీ పని

అడ్మిషన్ అయ్యాక ఒక రోగికి ఒక అటెండెంట్ పాసే ఇస్తారు. మహిళల వార్డులో రాత్రిపూట మగవాళ్లను ఉండనివ్వని ఆసుపత్రులున్నాయి. భార్యకు చికిత్స చేయిస్తున్న భర్తలకు ఇది చివరి నిమిషంలో తెలుస్తుంది. అక్కనో, వదిననో, అత్తనో ముందే అడిగి పెట్టుకోండి. పగలు మీరు, రాత్రి వారు ఉండేలా మార్చుకుంటే మీకూ నిద్ర దొరుకుతుంది.

రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సి వస్తే దాతలను తెమ్మంటారు. ఊళ్లో, బంధువుల్లో ఆరోగ్యంగా ఉన్న ఐదారుగురి పేర్లు, బ్లడ్ గ్రూపులు, ఫోన్ నంబర్లు ముందే రాసుకోండి. హైదరాబాద్‌లో పనిచేసే మన ఊరి పిల్లలైతే త్వరగా రాగలరు.

తిండి మాటకొస్తే, హైదరాబాద్‌లోని 18 ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగుల సహాయకులకు రూ.5కే భోజనం పెట్టే కార్యక్రమం 2022 మేలో మొదలైంది. ఎంఎన్‌జే కూడా ఆ జాబితాలో ఉంది. వేళలు వార్డులో అడిగి తెలుసుకోండి. ఖర్చు మిగులుతుందని మీరు పస్తులుంటే రెండో రోగి తయారవుతారు.

డాక్టర్ రౌండ్స్‌కు వచ్చినప్పుడు అడగాల్సినవి రాత్రే చీటీ మీద రాసుకోండి. ఈ చికిత్స జబ్బు నయం చేయడానికా, అదుపులో పెట్టడానికా? మొత్తం ఎన్ని సైకిళ్లు? తర్వాత ఏమిటి? ఈ మూడూ తెలిస్తే డబ్బు, సెలవులు, పిల్లల చదువు గురించి మీరు ఒక లెక్కకు రాగలరు. పిల్లలు కావాలనుకునే వయసు జంటలు అండం, వీర్యం భద్రపరచడం గురించి మొదటి కీమోకు ముందే అడగాలి. తర్వాత అడిగితే ఆలస్యమవుతుంది.

డిశ్చార్జి రోజు ఇవి లేకుండా కదలకండి

డిశ్చార్జి సమ్మరీలో మందుల పేర్లు, ఇచ్చిన కీమో పేరు, తేదీ, తర్వాత రావాల్సిన రోజు ఉన్నాయో లేదో అక్కడే చదివించుకోండి. రాత్రి పూట ఇబ్బంది వస్తే ఫోన్ చేయాల్సిన నంబర్ రాయించుకోండి. చేతికి పిక్ లైన్ వేసి ఉంటే వారానికోసారి శుభ్రం చేయాలి. అది వికారాబాద్‌లోనో, తాండూరులోనో చేయించవచ్చా అని అడగండి. కేసు షీటు నకలు కావాలని రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన ఉంది.

ఇంటికొచ్చాక: జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు

ఈ కథనంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. కీమో తర్వాత, ముఖ్యంగా 7 నుంచి 14 రోజుల మధ్య, రక్తంలో తెల్ల కణాలు బాగా పడిపోతాయి. అప్పుడు వచ్చే జ్వరం మామూలు జ్వరం కాదు. కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావొచ్చు. థర్మామీటర్ ఇంట్లో ఉండాలి. 100.4 డిగ్రీలు దాటినా, చలితో వణుకు వచ్చినా పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకండి. జ్వరం తగ్గినట్టు కనబడుతుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది.

ఏం చేయాలి? ముందు ఆసుపత్రి ఇచ్చిన నంబర్‌కు ఫోన్ చేయండి. హైదరాబాద్ చేరడానికి రెండు మూడు గంటలు పడుతుంది కాబట్టి, 108లోనైనా సొంత బండిలోనైనా దగ్గర్లోని తాండూరు జిల్లా ఆసుపత్రికో, వికారాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికో వెళ్లండి. డిశ్చార్జి సమ్మరీ చూపించి 'కీమో జరుగుతోంది, ఫలానా తేదీన ఇచ్చారు' అని మొదటి మాటగా చెప్పండి. రక్తపరీక్ష చేసి యాంటీబయాటిక్ మొదలుపెట్టాక అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపుతారు. ముక్కు, చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోయినా, వాంతులతో నీళ్లు కూడా నిలవకపోయినా, ఊపిరి అందకపోయినా ఇదే పద్ధతి.

ఊళ్లో ఆర్‌ఎంపీతో తొడకు, నడుముకు ఇంజెక్షన్లు, గ్లూకోజ్ సీసాలు పెట్టించకండి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు సూది గుచ్చిన చోట లోపల రక్తం గడ్డకడుతుంది. నాటు మందు వాడుతుంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి.

పథ్యం పేరుతో తిండి తగ్గించవద్దు. ఒంటికి మాంసకృత్తులు కావాలి. తాండూరు కందిపప్పు, గుడ్డు, పెరుగు, బాగా ఉడికిన మాంసం అన్నీ పెట్టవచ్చు. నోరు పూసినప్పుడు జొన్నరొట్టె నమలలేరు. మెత్తగా వండి చల్లార్చిన జొన్న గటక, జావ, పెరుగన్నం ఇవ్వండి. కాచి చల్లార్చిన నీళ్లు, అప్పుడే వండిన తిండి ముఖ్యం.

క్యాన్సర్ అంటుకోదు. ఒకే కంచంలో తినవచ్చు, ఒకే మంచం మీద పడుకోవచ్చు. గిన్నెలు, పక్కలు వేరు చేయాల్సిన పని లేదు. కీమో అయిన రెండు రోజులు మాత్రం వాంతి, మలమూత్రాలు శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. చికిత్స కాలంలో గర్భం రాకుండా జాగ్రత్త తప్పనిసరి.

నొప్పి తగ్గించడం కూడా చికిత్సే

నొప్పిని భరించాల్సిన అవసరం లేదు. ఎంఎన్‌జేలో పాలియేటివ్ విభాగం ఉంది. మాత్ర రూపంలో మార్ఫిన్ డాక్టర్ పర్యవేక్షణలో ఇస్తారు. 2014లో చట్టం మార్చాక దీన్ని సమకూర్చుకోవడం ఆసుపత్రులకు సులువైంది. 'అలవాటు పడతారు' అనే భయంతో మాత్రలు దాచిపెట్టకండి. నొప్పి మొదలయ్యాక ఇవ్వడం కంటే చెప్పిన వేళకు ఇవ్వడమే మేలు.

ఇక మందులు పనిచేయడం లేదని డాక్టర్లు చెప్పినా ఆసుపత్రితో సంబంధం తెగిపోయినట్టు కాదు. జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ సేవలున్నాయి. కదలలేని రోగుల దగ్గరికి 'ఆలన' పేరుతో వాహనంలో సిబ్బంది వస్తారు. మీ ఏఎన్ఎం, ఆశా కార్యకర్తకు చెబితే పేరు నమోదు చేయిస్తారు. హైదరాబాద్ ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవలందిస్తోంది.

రోగికి జబ్బు పేరు చెప్పొద్దని బంధువులు అంటుంటారు. ఎంఎన్‌జే బోర్డు చూశాక ఎవరికీ తెలియకుండా ఉండదు. తెలిసీ తెలియనట్టు ఇద్దరూ నటిస్తుంటే మాట్లాడుకోవాల్సినవి మిగిలిపోతాయి. ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో వారినే అడగండి.

ఇబ్బందిగా ఉన్నా చూసుకోవాల్సిన కాగితాలు

బ్యాంకు ఖాతాకు నామినీ ఉన్నారా? ఫోన్‌లో యూపీఐ ఎవరు వాడుతున్నారు? రోగి పట్టాదారు రైతు అయి 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉంటే రైతు బీమాలో పేరు, నామినీ సరిగ్గా ఉన్నాయో లేదో రైతు వేదికలో ఏఈవోను అడిగి చూసుకోండి. 2018 ఆగస్టులో మొదలైన ఈ పథకంలో ఏ కారణంతో మరణించినా కుటుంబానికి రూ.5 లక్షలు వస్తాయి. ఇది చూసుకోవడం అపశకునం కాదు. పిల్లల కోసం ఇద్దరూ కలిసి చేసే పని.

మీ సంగతి ఎవరు చూస్తారు?

భర్తకో భార్యకో చికిత్స నడుస్తున్నప్పుడు మీ బీపీ మాత్ర, మీ షుగర్ పరీక్ష వెనక్కి పోతాయి. చిరాకు, కోపం, ఒంటరిగా ఉన్నప్పుడు ఏడుపు రావడం తప్పు కాదు. నిద్ర పూర్తిగా పోయినా, బతుకు మీద విరక్తి కలిగినా టెలిమానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు, రాత్రి పగలు పనిచేస్తుంది. 'ఏమన్నా సాయం కావాలా' అని అడిగే బంధువులకు 'వద్దు లే' అనకుండా ఒక పని చెప్పండి. గురువారం పిల్లలను బడి నుంచి తేవడమో, ఒక రాత్రి వార్డులో ఉండటమో, పొలానికి నీళ్లు పెట్టడమో. అడిగినవాళ్లు చేయడానికి సిద్ధంగానే ఉంటారు, ఏం చేయాలో వాళ్లకు తెలియదంతే.

ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసుకోండి

ఆరోగ్యశ్రీ సమాచారం, ఫిర్యాదులు: 104
అంబులెన్స్: 108
మానసిక ఆరోగ్య సహాయం: 14416
మీ ఆసుపత్రి ఆరోగ్యమిత్ర నంబర్: మొదటి రోజే అడిగి తీసుకోండి
వార్డు లేదా డ్యూటీ డాక్టర్ నంబర్: డిశ్చార్జి సమ్మరీ మీద రాయించుకోండి
రక్తదాతలు: కనీసం ఐదుగురి పేర్లు, గ్రూపులు